ఎకరానికి మూడొందల నలభై గ్రాములు

మే నుంచి సెప్టెంబరు దాకా మా ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లు నిండుగా ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చే కాలం అది. వాళ్లకు నయాగరా ఎలాగూ చూపిస్తాం. దగ్గర్లో ఇంకేం చూపించాలంటే అందరూ చెప్పేది ఈరీ సరస్సే. అమెరికా, కెనడాల మధ్య ఉన్న అయిదు మహా సరస్సుల్లో ఒకటి. విస్తీర్ణం 25 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనబడదు. చుట్టూ ఊళ్లలో కోటిమందికి పైగా తాగేది ఆ నీళ్లే.

అయితే ఆగస్టులో మాత్రం ఎవర్నీ అటు తీసుకెళ్లాలని నాకు అనిపించదు. నేనుండేది ఓహాయో రాష్ట్రంలోని టోలీడో పక్కన, సరస్సుకు పడమటి కొసన. ఎండలు ముదిరి, గాలి పడిపోయిన రోజున మౌమీ అఖాతం ఒడ్డుకు వెళ్తే నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా కదలకుండా ఉంటాయి. వంగి చూస్తే అది రంగు కాదని తెలుస్తుంది. ఆవగింజలో సగం కూడా లేని పచ్చటి నలుసులు లక్షల్లో తేలుతుంటాయి. ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి కాసేపు పక్కన పెడితే నలుసులన్నీ పైకి చేరి మీగడ కడతాయి, అడుగున నీళ్లు తేటపడతాయి. వాటి కణాల్లో గాలి తిత్తులు ఉంటాయి, అందుకే తేలతాయి. ఒడ్డున రాళ్ల సందుల్లో చిక్కుకుని ఎండినచోట నీలం రంగు పొర మిగులుతుంది. కణం చచ్చి పగిలినప్పుడు బయటపడే రంగు అది. వాసన చెప్పక్కర్లేదు. పిల్లల్ని, కుక్కల్ని నీళ్లలోకి దిగనివ్వొద్దని పక్కనే బోర్డు ఉంటుంది.

దీన్ని ఏటా ఎండాకాలంలో వచ్చిపోయే జబ్బులా చూడటం ఇక్కడివాళ్లకు అలవాటైపోయింది. ఏటా జూన్ చివర్లోనో జులై మొదట్లోనో వాతావరణ సంస్థ నోవా "ఈసారి నాచు ఇంత" అని అంచనా విడుదల చేస్తుంది, పేపర్లో వస్తుంది, జనం చదివి ఊరుకుంటారు. నాకు ఆ ఊరుకోవడమే మింగుడుపడటం లేదు. ఇది వాతావరణం కాదు. ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎంత వస్తోందో, ఏం చేస్తే తగ్గుతుందో అన్నీ తెలిసిన వ్యవహారం. ఈ సరస్సును ఒకసారి చట్టంతో బాగుచేశారు కూడా. ఇప్పుడు మాత్రం "ఇష్టమున్న రైతులు చేస్తారు, డబ్బిస్తే చేస్తారు" అంటూ పదేళ్లకు పైగా కాలం గడిపారు. ఆ పద్ధతి పనిచేయదని, ఎందుకు పనిచేయదో కూడా లెక్క కట్టి చెప్పొచ్చని రాయడానికే ఈ వ్యాసం. నేను గోదావరి డెల్టాలో వరి పండించే ఇంట్లో పుట్టాను. రైతును తిట్టడం నాకు చేతకాదు, ఇక్కడ ఆ అవసరమూ లేదు.

ముందు నీళ్ల సంగతి. 2014 ఆగస్టు 2, శనివారం తెల్లవారేసరికి టోలీడో నగరం ప్రకటన ఇచ్చింది: కుళాయి నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. మరిగించి తాగినా లాభం లేదు, మరిగిస్తే విషం ఇంకా చిక్కబడుతుంది. ఆ విషం పేరు మైక్రోసిస్టిన్. మైక్రోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. మనం నాచు అంటున్నది అసలు ఈ బ్యాక్టీరియానే. కాలేయం మీద దెబ్బకొడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఆ రోజు శుద్ధి చేసి ఇళ్లకు వదులుతున్న నీళ్లలోనే ఆ హద్దు దాటింది. 4 లక్షల మందికి పైగా ఆ నీళ్ల మీద ఆధారపడ్డవాళ్లే. ఉదయం తొమ్మిదయ్యేసరికి దుకాణాల్లో నీళ్ల సీసా ఒక్కటి లేదు. చంటిబిడ్డకు డబ్బాపాలు కలపడానికి నీళ్లు లేక, నా స్నేహితురాలు ఒకావిడ బిడ్డను వెనక సీట్లో వేసుకుని మిషిగన్ లోపలికి గంట దూరం వెళ్లి సీసాలు తెచ్చుకుంది. బియ్యం కడగడానికి, అంట్లు తోమడానికి నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలో తెలియని టెన్షన్ మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చూశాను. గవర్నర్ జాన్ కేసిక్ ఎమర్జెన్సీ ప్రకటించారు, నేషనల్ గార్డు ట్యాంకర్లతో వచ్చింది. సోమవారం ఉదయం మేయర్ మైకేల్ కాలిన్స్ కెమెరాల ముందు గ్లాసుడు కుళాయి నీళ్లు తాగి ఆంక్ష ఎత్తేశారు.

అది ఊహించనిదేమీ కాదు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో, సరస్సు ఒడ్డునే ఉన్న క్యారల్ టౌన్‌షిప్‌లో సుమారు 2,000 మందికి నీళ్లిచ్చే ప్లాంటును ఇదే విషం వల్ల మూసేశారు. ఈ విషం ఏం చేయగలదో కూడా తెలియనిది కాదు. 1996లో బ్రెజిల్‌లోని కారువారు పట్టణంలో డయాలసిస్‌కు వాడిన నీళ్లలో ఇది చేరి 50 మందికి పైగా రోగులు చనిపోయారు.

2014 తర్వాత టోలీడో తన నీటి ప్లాంటు మీద వందల మిలియన్ల డాలర్లు ఖర్చు పెట్టింది. ఓజోన్‌తో శుద్ధి చేసే ఏర్పాటు వచ్చింది, నాచు ఎక్కువైన రోజుల్లో బొగ్గు పొడి కలిపి విషాన్ని పట్టేస్తారు. అందువల్ల ఇప్పుడు కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగుతున్నాం. ఆ ఖర్చు మాత్రం మా నీళ్ల బిల్లులో ఉంది. నాచును పెంచిన సరుకు ఎవరి చేలోంచి, ఎవరి పశుశాలలోంచి వచ్చిందో వాళ్ల బిల్లులో లేదు. టోలీడోలో పేదవాళ్లు తక్కువేమీ కాదు. నీళ్ల బిల్లు కట్టలేక ఇబ్బందిపడే ఇళ్లున్న ఊరు, ఎగువనున్న మూడు రాష్ట్రాల పొలాల ఎరువును శుద్ధి చేసుకుంటూ బతకడం న్యాయమని నేను ఒప్పుకోలేను.

నాచుకు మేత భాస్వరం. నత్రజని, కార్బన్ కూడా కావాలి, కానీ మంచినీటి సరస్సుల్లో వాటికి కరువుండదు. భాస్వరం దొరికినంతవరకే పెరుగుదల. ఈ సంగతి తేల్చిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. 1973లో కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసింది. దానికి పేరు లేదు, 226 అని అంకె మాత్రమే. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా కలిపారు. విమానంలోంచి తీసిన ఫోటోలో ఒక సగం ముదురు రంగులో తేటగా, రెండోది పచ్చగా ఉంటుంది. మధ్యలో తెర గీత తిన్నగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో డిటర్జెంట్ కంపెనీల పక్షాన "తప్పు భాస్వరానిది కాదు, కార్బన్‌ది" అని వాదన నడుస్తుండేది. ఆ ఒక్క ఫోటో తర్వాత ఆ వాదనకు జనంలో విలువ లేకుండా పోయింది.

అప్పటికే ఈరీ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాసేసి చాలాకాలమైంది. ఈ సరస్సులో కలిసే కయహోగా నది నూనె మురికితో 1969 జూన్‌లో క్లీవ్‌లాండ్ దగ్గర అంటుకుంది. 1972లో అమెరికా స్వచ్ఛ జల చట్టం వచ్చింది. అదే ఏడాది అమెరికా, కెనడా కలిసి మహా సరస్సుల నీటి నాణ్యత ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత ఈరీలోకి ఏడాదికి 11,000 టన్నులకు మించి భాస్వరం చేరకూడదని అంకె పెట్టుకున్నారు. పెద్ద ఊళ్ల మురుగు శుద్ధి ప్లాంట్లకు లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము భాస్వరమే హద్దు అన్నారు. బట్టల సబ్బుపొడిలో ఫాస్ఫేట్లకు చాలా రాష్ట్రాలు కళ్లెం వేశాయి. ఎవర్నీ బతిమాలలేదు. హద్దు పెట్టారు, మీటరు పెట్టారు, దాటితే జరిమానా వేశారు. ఇరవై ఏళ్లు తిరక్కముందే భాస్వరం సగానికి పైగా తగ్గింది, నీళ్లు తేటపడ్డాయి, వాలై చేపలు తిరిగొచ్చాయి. ఇంత పెద్ద సరస్సు అంత త్వరగా కోలుకోవడానికి ఒక కారణం దాని స్వభావంలోనే ఉంది. అయిదు మహా సరస్సుల్లో నీళ్లు అతి తక్కువగా ఉన్నది ఇదే. లోపలున్న నీరంతా మారిపోవడానికి మూడేళ్లు కూడా పట్టదు. పడమటి భాగం సగటు లోతు 7 మీటర్ల చిల్లరే. చెడటంలో ఎంత తొందరో బాగుపడటంలోనూ అంతే తొందర.

మరి 1990ల మధ్య నుంచి నాచు మళ్లీ ఎందుకు వచ్చింది? 2011లో రికార్డు స్థాయిలో వచ్చింది, 2015లో దాన్నీ మించింది. ఇక్కడే చాలామంది తలో కారణం చెప్పి పక్కకు తప్పుకుంటారు. డెట్రాయిట్ మురుగు అంటారు కొందరు. డెట్రాయిట్ నది తెచ్చే నీరు చాలా ఎక్కువ, అందులో భాస్వరం మాత్రం పలచన. ఆ నగరం తన ప్లాంటును బాగుచేసుకుంది కూడా. జీబ్రా ఆల్చిప్పలు అంటారు ఇంకొందరు. ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే నీళ్లలో వచ్చి 1980ల చివర్లో ఇక్కడ స్థిరపడిన జీవులవి. నీటిని వడపోసి మామూలు నాచును తినేసి మైక్రోసిస్టిస్‌ను మాత్రం ఉమ్మేస్తాయన్నది నిజమే. పరిస్థితి ముదరడానికి అవి సాయపడ్డాయి. కానీ అవి భాస్వరాన్ని ఎక్కణ్ణుంచీ తెచ్చి పోయవు. వసంతకాలంలో మౌమీ నది ఎంత భాస్వరం తెస్తే ఆగస్టులో నాచు అంత. నోవా ఏటా అంచనా వేసేది ఆ లెక్క మీదే.

మౌమీ ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో మొదలై టోలీడోలో సరస్సును చేరుతుంది. మహా సరస్సుల్లో కలిసే నదుల్లో బాగా పెద్ద పరివాహక ప్రాంతం ఉన్నవాటిలో ఇదొకటి, సుమారు 17,000 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా చేలే. నది తెచ్చే భాస్వరంలో 85 శాతానికి పైగా ఫలానా గొట్టం అని వేలెత్తి చూపలేని చోట్ల నుంచి, అంటే ముఖ్యంగా పొలాల నుంచి వస్తోందని ఓహాయో పర్యావరణ శాఖ లెక్కలే చెబుతున్నాయి. టిఫిన్ అనే చిన్న ఊళ్లోని హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయం 1970ల నుంచి రోజూ ఈ నదుల నీళ్లు పట్టి పరీక్షిస్తోంది. డేవిడ్ బేకర్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన పని అది. ఇంత ఓపికగా ఇన్ని దశాబ్దాలు నది నీళ్లు కొలిచిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఆ సీసాలు లేకపోతే ఇవాళ ఎవరి వాదన వాళ్లదే అయ్యేది.

ఆ సీసాలు చెప్పిన కథ ఆసక్తిగా ఉంటుంది. మట్టి రేణువులకు అంటుకుని వచ్చే భాస్వరం తగ్గుతూ వచ్చింది. నీళ్లలో కరిగి వచ్చే భాస్వరం మాత్రం 1990ల మధ్య నుంచి పెరిగింది. నాచుకు రెండోదే కావాలి, కరిగినది కరిగినట్టు లాగేసుకుంటుంది. మట్టి కొట్టుకుపోకుండా దుక్కి దున్నడం మానేయండని ప్రభుత్వమే ప్రోత్సహించింది. రైతులు మానేశారు, మట్టి నిలిచింది. కానీ దున్నకపోవడంతో పైన చల్లిన ఎరువు నేలలో కలవకుండా పై రెండు మూడు అంగుళాల్లోనే పేరుకుంటుంది. వాన పడితే అక్కడే కరిగి, వానపాముల బొరియల గుండా, నేల పగుళ్ల గుండా నేరుగా కిందికి దిగుతుంది.

కింద గొట్టాలున్నాయి. ఇది తెలియకపోతే ఈ ప్రాంతం అర్థం కాదు. వాయవ్య ఓహాయో అంతా ఒకప్పుడు గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే మహా చిత్తడి అడవి. మోకాలిలోతు నీళ్లు, బంకమట్టి, దోమలు, మలేరియా. 1859లో ఓహాయో కాలువల చట్టం చేశాక పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే దాన్ని దాదాపు పూర్తిగా ఎండగట్టారు. నేల అడుగున మట్టిగొట్టాలు పరిచి నీళ్లను కాలువల్లోకి లాగేశారు. ఇప్పుడు మట్టిగొట్టాల స్థానంలో చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలు. పైన చూస్తే కనుచూపు మేర బల్లపరుపు నేల, అడుగున వేల మైళ్ల గొట్టాలు. ఒకప్పుడు సరస్సుకు నీళ్లు వడపోసి పంపిన చిత్తడి ఇప్పుడు ఆ నీళ్లను వడపోత లేకుండా ఉరికిస్తోంది.

ఏప్రిల్‌లో పెద్ద వాన కురిసిన మర్నాడు కారు ఆపి రోడ్డు పక్క కాలువలోకి తొంగిచూస్తే ఆ గొట్టం నోరు కనిపిస్తుంది. నల్లగా, ముడతలు ముడతలుగా, గట్టులోంచి జానెడు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. నీళ్లు ధారగా పడుతుంటాయి. ఆశ్చర్యమేమిటంటే అవి తేటగా ఉంటాయి. మట్టి కలిసి ఎర్రగా పారే నీళ్లు చూసి పెరిగిన నాలాంటిదానికి ఇవి శుభ్రమైన నీళ్లనే అనిపిస్తుంది. కరిగిన భాస్వరానికి రంగు లేదు, వాసన లేదు. పొలం యజమాని కూడా చూసేది ఆ తేట నీళ్లనే.

ఇక లెక్క. వసంతంలో, అంటే మార్చి నుంచి జులై దాకా, మౌమీ నది తెచ్చే భాస్వరం 860 టన్నులు దాటకూడదని 2016లో రెండు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. అది 2008 నాటి బరువు మీద 40 శాతం తగ్గింపు. అంటే 2008లో వచ్చింది సుమారు 1,430 టన్నులు. పరివాహక ప్రాంతం దాదాపు 42 లక్షల ఎకరాలు. భాగిస్తే ఎకరానికి వచ్చేది 340 గ్రాములు. డీఏపీ ఎరువులో అయిదో వంతు భాస్వరం కనుక, ఎకరానికి కిలోన్నర, కిలో ముప్పావు డీఏపీ అన్నమాట. తగ్గించమంటున్నది అందులో 40 శాతం, అంటే 140 గ్రాముల భాస్వరం, ముప్పావు కిలోకు కాస్త తక్కువ డీఏపీ.

"ఎరువు ఎంత ఖరీదో తెలుసా, ఏ రైతైనా కావాలని నీళ్లపాలు చేసుకుంటాడా?" అని ఇక్కడ ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. నిజాయితీగానే అడుగుతారు. జవాబు పై లెక్కలో ఉంది. ఎకరాకు కిలో ముప్పావు డీఏపీ పోతే రైతు జేబుకు తెలియదు. పంటకు తెలియదు. దిగుబడిలో గింజ తేడా రాదు. కానీ ఒక కిలో భాస్వరం దాదాపు 500 కిలోల పచ్చి నాచును పెంచగలదని సరస్సుల శాస్త్రం తెలిసినవాళ్ల అంచనా. ఆ లెక్కన ఎకరం పొలం నుంచి పోయే 340 గ్రాములు 170 కిలోల నాచు. దాన్ని 42 లక్షలతో గుణించండి. రైతుకు లెక్కలోకి రానిది సరస్సును పచ్చగా చేసేస్తోంది. ధర పెరిగితే రైతే జాగ్రత్తపడతాడన్న నమ్మకం, మంచి పద్ధతులు నేర్పితే తన లాభం కోసమే చేస్తాడన్న నమ్మకం ఇక్కడ కూలిపోతాయి. అందులో అతనికి లాభం లేదు. నష్టపోయేవాళ్లు దిగువన ఉన్నారు. ఇలాంటి చోటనే చట్టం కావాలి. చట్టాలు పుట్టిందే ఇలాంటి వాటికోసం.

అలాంటి చట్టం మాత్రం ఇక్కడ లేదు. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం ఫ్యాక్టరీ గొట్టాన్ని, మురుగు ప్లాంటు గొట్టాన్ని పట్టుకుంది. పొలం నుంచి వాననీటితో పోయేదాన్ని మినహాయించింది. గట్టులోంచి పొడుచుకువచ్చిన ఆ నల్ల గొట్టం కంటికి గొట్టమే, చట్టానికి కాదు. యాభై ఏళ్ల కింద అసలు మురికి ఊళ్ల నుంచి వస్తున్నప్పుడు ఆ మినహాయింపు పెద్ద విషయం కాలేదు. ఇప్పుడు అదే అసలు విషయం.

పశుశాలల పేడ గురించి ఇంకాస్త కటువుగా మాట్లాడాలి. మౌమీ ఎగువన పాల డెయిరీలు, పందుల షెడ్లు, కోళ్ల ఫారాలు పెద్దవి చాలా ఉన్నాయి. 700 పాడి ఆవులు, 2,500 పెద్ద పందులు దాటితే పర్మిట్ కావాలి. ఆ అంకెకు కాస్త కిందే ఆగిపోతే అక్కర్లేదు. పర్మిట్ ఉన్నవాళ్లు కూడా పేడను ఇంకొకరికి అమ్మేస్తే పర్మిట్ షరతులు దాని వెంట వెళ్లవు. పేడ బరువు, దూరం తీసుకెళ్తే డీజిలు ఖర్చు, కాబట్టి షెడ్డుకు దగ్గరున్న చేలల్లోనే మళ్లీ మళ్లీ పడుతుంది. విశ్వవిద్యాలయాల సిఫారసు ప్రకారం మొక్కజొన్న, సోయా వేసే నేలలో భాస్వరం 40 పీపీఎం (పది లక్షల పాళ్లలో 40 పాళ్లు) ఉంటే ఇక వేయనక్కర్లేదు. పెద్ద పశుశాలల పేడకు మాత్రం ఓహాయో నిబంధనలు 150 పీపీఎం వరకూ ఒప్పుకుంటాయి. పరీక్ష పద్ధతులు కొంచెం వేరు, అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చూడండి. పంటకు అక్కర్లేదని తెలిసీ వేసేది ఎరువు అనిపించుకోదు. వదిలించుకోవడం అనాలి.

రూలు పెడితే పనిచేస్తుందా అంటే, ఓహాయోలోనే ఉదాహరణ ఉంది. గ్రాండ్ లేక్ సెయింట్ మేరీస్ అని పంతొమ్మిదో శతాబ్దంలో కాలువ కోసం తవ్విన పెద్ద చెరువు. 2010లో అది నాచుతో ఘోరంగా పాడైంది. 2011లో రాష్ట్రం ఆ ప్రాంతాన్ని 'ఆపదలో ఉన్న పరివాహక ప్రాంతం'గా ప్రకటించి రూళ్లు పెట్టింది. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా పేడ చల్లకూడదు, నేల గడ్డకట్టినా తడిసి ముద్దయినా చల్లకూడదు, ప్రతి పశుశాలకూ ఎరువుల ప్రణాళిక ఉండి తీరాలి. కొన్నేళ్లకు రైట్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి వాగు నీళ్లు పరీక్షించి చూస్తే భాస్వరం, నత్రజని స్పష్టంగా తగ్గాయి. చెరువు అడుగున పేరుకున్నది ఉంది కాబట్టి చెరువు వెంటనే బాగుపడలేదు, నిజమే. వాగులు మాత్రం రూలుకు లొంగాయి. రైతులు దివాలా తీయలేదు.

అదే పని మౌమీలో చేద్దామని 2018 జులైలో గవర్నర్ కేసిక్ ఎనిమిది ఉపనదుల ప్రాంతాలను ఆ జాబితాలో చేర్చమని ఆదేశమిచ్చారు. రాష్ట్ర నేల, నీటి సంరక్షణ కమిషన్ దాన్ని సబ్‌కమిటీకి పంపింది. అక్కడితో ఆ కథ ముగిసింది. మరుసటి ఏడాది, 2019లో, కొత్త గవర్నరు వచ్చాక హెచ్2ఓహాయో అనే పథకం తెచ్చారు. చేరిన రైతుకు డబ్బు, చేరకపోతే ఏమీ లేదు. పథకంలో మంచి ఉంది, కాదనను. లక్షల ఎకరాలు చేరాయి, కొత్త చిత్తడి నేలలు తవ్వుతున్నారు, అవి నాకు చాలా ఇష్టం. కానీ 2025 బడ్జెట్‌లో శాసనసభ దానికిచ్చే సొమ్ములో కోత పెట్టింది. ఇష్టం మీద, సొమ్ము మీద నిలబడ్డ రక్షణకు ఉన్న బలం అంతే. 2015లో ఓహాయో, మిషిగన్, ఒంటారియో కలిసి 2025 నాటికి 40 శాతం తగ్గిస్తామని సంతకాలు పెట్టాయి. గడువు దాటింది, లక్ష్యం అందలేదు.

ఈలోగా టోలీడో జనం తమకు తోచింది చేశారు. 2019 ఫిబ్రవరిలో ఈరీ సరస్సుకే హక్కులుంటాయని ఓటు వేశారు. 61 శాతం అవునన్నారు. మర్నాడే ఒక రైతు కుటుంబం కోర్టుకు వెళ్లింది, ఏడాదికి ఫెడరల్ కోర్టు అది మరీ అస్పష్టంగా ఉందని కొట్టేసింది. ఆ తీర్పుతో నాకు పెద్ద పేచీ లేదు, రాసిన తీరు బలహీనమే. కోపం మాత్రం సరైన కోపం.

మొన్న ఆకివీడు దగ్గరున్న మా బాబాయితో ఫోన్లో ఇదంతా చెబుతుంటే ఆయన అడిగాడు.

"అయితే అమ్మాయ్, అక్కడ కూడా డీఏపీయేనా?"

"డీఏపీయే బాబాయ్. పేడ కూడా. నువ్వు ఈసారి ఎంత వేశావు?"

"ఎప్పట్లాగే, ఎకరాకి బస్తా. సబ్సిడీ మీద పదమూడొందల యాభైకి వస్తుంటే వేయకపోతే ఎలా? పక్క చేనువాడు వేస్తాడు, మనది పాలిపోయి కనపడుద్ది."

"మన నేలలో భాస్వరం ఎంతుందో చూపించావా?"

"నేల పరీక్ష కార్డు ఇచ్చార్లే ఎప్పుడో. బీరువాలో ఉండాలి. అయినా మన చేల నీళ్లు మురుగు కాలవలో కలిసి కొల్లేట్లోకే కదా పోయేది, అక్కడ గుర్రపుడెక్క ఎప్పుడూ ఉండేదే."

ఎప్పుడూ ఉండేదే అన్న మాట దగ్గర నేను కాసేపు ఏమీ అనలేకపోయాను. కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరుతో పాటు డెల్టా మురుగు కాలువలన్నీ చేరతాయి, బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో 2002లో చేరిన సరస్సు అది. చుట్టూ చేపల చెరువులు, వాటిలో వేసే కోళ్ల పెంట, పైనున్న ఊళ్ల మురుగు అన్నీ దానికే. కొల్లేరు కష్టాలు ఈరీ కష్టాల కన్నా చిక్కుముడి ఎక్కువ, ఆక్రమణల గొడవ వేరే ఉంది, ఒక్క భాస్వరంతో తేలేది కాదు. కానీ చేలో భాస్వరం ఎంతుందో చూడకుండా బస్తా వేయడం రెండుచోట్లా ఒకటే. కార్డు వెతికించి ఫోటో పంపమన్నాను. పంపాడు. భాస్వరం గడిలో 'ఎక్కువ' అని ఉంది. వచ్చే సార్వాకు ఒక ఎకరంలో డీఏపీ లేకుండా వేసి చూస్తానన్నాడు. డెల్టాలో మీవాళ్లు ఎవరైనా ఉంటే మీరూ ఆ కార్డు బయటికి తీయించండి.

ఇక్కడ మా ఓహాయోలో నేను అడుగుతున్నవి పెద్దవేమీ కావు. మౌమీ ఎగువన ఆపదలో ఉన్న ప్రాంతాల ప్రకటన మళ్లీ బయటికి తీయాలి. పేడకు వేరే అంకె ఉండకూడదు. పంటకు అక్కర్లేదన్న హద్దు దాటిన నేలలో ఏ రూపంలోనూ భాస్వరం వేయకూడదు. పేడ అమ్మితే షరతులు కొన్నవాడి చేను దాకా వెళ్లాలి. నేల పరీక్ష ఫలితాలు రాష్ట్రానికి చేరాలి. దీనివల్ల చిన్న రైతుకు ఖర్చు పడితే ఆ ఖర్చు ప్రజలే పెట్టుకోవాలి, నేను నా పన్నులోంచి సంతోషంగా ఇస్తాను. వేల పశువుల కంపెనీలకు మాత్రం పేడను శుద్ధి చేసుకోవడం తమ వ్యాపార ఖర్చుల్లో ఒకటి కావాలి. నేలల్లో దశాబ్దాలుగా పేరుకున్న భాస్వరం ఉంది కాబట్టి, ఇవన్నీ రేపే చేసినా ఫలితం కనపడటానికి ఏళ్లు పడుతుంది. 2023లో మౌమీకి భాస్వరం పరిమితుల ప్రణాళికను కేంద్ర పర్యావరణ సంస్థ ఆమోదించింది. పర్యావరణ సంఘాలు, స్థానిక కౌంటీ కోర్టుకెక్కితే వచ్చిన ప్రణాళిక అది. దానికి కోరలు లేవు. కోరలు పెట్టించాల్సింది ఇప్పుడు.

పశుశాలలకు కొత్త పర్మిట్లు ఇచ్చేముందు, నిబంధనలు మార్చేముందు ఇక్కడ ప్రజాభిప్రాయం అడుగుతారు. గ్రీన్‌కార్డు లేకపోయినా, ఓటు లేకపోయినా లేచి మాట్లాడొచ్చు, రాతపూర్వకంగా పంపొచ్చు. ఆ గదుల్లో రైతు సంఘాల వాళ్లు నిండుగా ఉంటారు, మనవాళ్లు ఒక్కరూ కనిపించరు. యాస గురించి మొహమాటపడకండి. నేను వెళ్లి ఎకరానికి 340 గ్రాముల లెక్క చెప్పాను. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, మూడు తరాలుగా సోయా వేస్తున్నవాడు, బయట కారిడార్లో ఆపి ఆ లెక్క కాగితం అడిగి తీసుకున్నాడు. ఎవరికైనా ఆ కాగితం కావాలంటే కామెంట్లో చెప్పండి, పంపుతాను.